దంతవైద్య విద్యకు ముందు రెండేండ్లు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము చూచుటకు చిన్నది. కాని గృహస్థుల ఆస్తికిని, పిల్లల భవిష్యత్తునకును సంబంధించినది. దంతవైద్యము నభ్యసింపగోరు బాలుడుగాని బాలికగాని, ఆ కళాశాలలో ప్రవేశించుటకు ముందు చదువవలసిన శాస్త్రములను ఎక్కడ చదువవలెను? లక్షలు పుచ్చుకొను కళాశాలలోనా, రుసుము లేని సర్కారు జూనియర్ కళాశాలలోనా? ఈ ప్రశ్నకు తీర్పు చెప్పవలసినవారు పదునైదేండ్ల పిల్లలు కారు, ఇంటిలోని పెద్దలు. కావున పెద్దలనే ఉద్దేశించి మాటలాడుచున్నాను.

మా అల్మాస్‌గూడ ఒకప్పుడు గ్రామ పంచాయతి. పిమ్మట బడంగ్‌పేట పురపాలక సంఘమున చేరినది. జొన్న చేలున్న చోట నేడు మేడలు లేచినవి. చేరువనే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్. అచ్చట బోధనాలయములు వీధివీధినా కలవు. పదవ తరగతి ఫలితములు వెలువడినంతనే గోడలపైనను, బస్సులపైనను నగుమొగముల పిల్లల బొమ్మలును, వారి ర్యాంకులును కనబడును. ఆ బొమ్మలను చూచి తండ్రి మనస్సు చలించును. ‘మన పిల్లకు మాత్రమేమి తక్కువ’ యని, మిగిలిన రెండు వందల గజముల స్థలమును బేరము పెట్టును. ఆ పత్రముపై వ్రేలిముద్రయో సంతకమో పెట్టవలసినవాడు తాతగారే. సంతకమునకు ముందు కొంత విచారణ యుండవలెనని నా మనవి.

మొదట దంతవైద్యమును గురించి నాలుగు మాటలు చెప్పెదను. మన పెద్దలు పంటిని అలక్ష్యము చేసినవారు కారు. చరక, సుశ్రుత సంహితలు రెండును దంతధావనమును దినచర్యలో చేర్చినవి. వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు మన పల్లెలలో నిన్న మొన్నటివరకును వాడుకలో నున్నవే. ఐనను నవీన దంతవైద్యము ప్రత్యేక విద్యగా మన దేశమున నెలకొని నూరేండ్లు దాటినదంతే. అమెరికాలో దంతవైద్యము చదివి వచ్చిన డాక్టరు రఫీయుద్దీన్ అహమద్ గారు 1920లో కలకత్తా నగరమున భారతదేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. 1948లో దంతవైద్యుల చట్టము వెలువడినది. 2023లో ఆ చట్టమునకు మారుగా జాతీయ దంతవైద్య కమిషన్ చట్టమును పార్లమెంటు చేసినది. మన నగరమున ఉస్మానియా ఆసుపత్రికి చేరువను అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959 నుండి నడచుచున్నది.

ఈ వైద్యుల యక్కర మన ప్రాంతమునకు లేదని ఎవ్వరనగలరు? తూర్పున నల్లగొండ నేలలోని నీటియందు ఫ్లోరైడు మిక్కుటమై ఎందరి పండ్లు గోధుమవన్నె చారలు తేలినవో మీకు తెలియనిది కాదు. నీటినుండి ఫ్లోరైడును పటిక, సున్నములతో తొలగించు పద్ధతికి శాస్త్రజ్ఞులు నల్లగొండ పేరే పెట్టిరి. ఆ కీర్తి మనము కోరినది కాదు. దీనికి తోడు పొగాకు, గుట్కా, పంచదార. పల్లెలలో పంటినొప్పికి నేటికిని లవంగమే మొదటి మందు, పీకించుటయే చివరి మందు. కావున పిల్ల దంతవైద్యురాలు కాగోరినచో అది గౌరవింపదగిన కోరికయే.

ఇక పూర్వవిద్య. దంతవైద్య పట్టమును బి.డి.ఎస్. అందురు. నాలుగేండ్ల చదువు, ఒక యేడు ఆసుపత్రి శిక్షణ, వెరసి ఐదేండ్లు. అందు చేరుటకు ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, ఇంగ్లీషు చదివి ఉత్తీర్ణులు కావలెను. మన రాష్ట్రమున జీవశాస్త్రమును వృక్షశాస్త్రము, జంతుశాస్త్రమని రెండుగా బోధింతురు. ఈ కూర్పునే అందరును బైపీసీ అని పిలుచుచున్నారు.

ఈ శాస్త్రములు పంటివైద్యునకేల యని కొంద రడుగుదురు. పంటిపై నుండు పింగాణివంటి పొరలో నూటికి సుమారు తొంబదియారు పాళ్లు ఖనిజమే. తీపి తిన్నపిమ్మట నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించును, ఆ ఆమ్లము ఖనిజమును కరగించును, అదియే పిప్పిపన్ను. ఇందు సూక్ష్మజీవి జీవశాస్త్రము, ఆమ్లము రసాయనశాస్త్రము. పన్ను పెరుకు పరికరము తులాదండ న్యాయమున పనిచేయును. ఎక్స్‌కిరణములతో వేరును చిత్రించుదురు. ఈ రెండును భౌతికశాస్త్రమే. కావున ఈ రెండేండ్ల చదువు పరీక్ష దాటుటకు మాత్రమే వేసిన తాత్కాలిక వంతెన కాదు, ఇంటికి పునాది. పునాదిలో బట్టీపట్టిన ఇటుకలు నిలువవు.

ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి కలదు. దీనిని మీరు శ్రద్ధగా వినవలెను. బి.డి.ఎస్. సీట్లను ఇంటర్మీడియట్ మార్కులనుబట్టి పంచరు. వైద్యమునకును దంతవైద్యమునకును దేశమంతటికిని ఒక్కటే ప్రవేశపరీక్ష కలదు. దానికి నీట్ అని పేరు. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు కలిపి సాధారణ వర్గమువారికి 50 శాతము, వెనుకబడిన తరగతులవారికిని షెడ్యూల్డు కులములు, తెగలవారికిని 40 శాతము మార్కులు వచ్చిన చాలును. ప్రవేశించు సంవత్సరము డిసెంబరు 31 నాటికి పదునేడేండ్లు నిండియుండవలెను. అటుపైన ర్యాంకు నిర్ణయించునది నీట్ మార్కు మాత్రమే. పిల్ల యే కళాశాలలో చదివినదని ఆ పరీక్ష అడుగదు. ఆ కళాశాల భవనము ఏడంతస్తులదా, రేకుల కప్పుదా యని అంతకన్న అడుగదు.

2025లో ఆ పరీక్ష 180 ప్రశ్నలతో, 720 మార్కులకు, మూడు గంటలలో జరిగినది. భౌతికశాస్త్రమున 45, రసాయనశాస్త్రమున 45, జీవశాస్త్రమున 90 ప్రశ్నలు. సరియైన జవాబునకు నాలుగు మార్కులు కలుపుదురు. తప్పు జవాబునకు ఒకటి తీసివేయుదురు. అనగా సగము మార్కులు జీవశాస్త్రమునవే. 2017 నుండి ఈ పరీక్షను తెలుగులోను వ్రాయవచ్చును. ఐతే దంతవైద్య కళాశాలలో బోధన ఇంగ్లీషున జరుగును గనుక, తెలుగున చదివిన పిల్లలు ఈ రెండేండ్లలోనే శాస్త్రపదముల ఇంగ్లీషు రూపములను అలవరచుకొనుట మేలు.

ఇంటర్మీడియట్ అర్హత కొరకు, నీట్ ర్యాంకు కొరకు. ఈ రెండు పనులును వేరు. అర్హతను సంపాదించుటకు రుసుము లేని సర్కారు జూనియర్ కళాశాల చాలును. అచ్చట బోధన ఉచితము, పాఠ్యపుస్తకములును ఉచితము. ఇంటర్మీడియట్ బోర్డు ఇచ్చు పట్టా సర్కారు పిల్లకును, పెద్ద పేరున్న కళాశాల పిల్లకును ఒక్కటే. మిగిలినది ర్యాంకునకు తగిన అభ్యాసము. దానిని వేరుగా, అక్కరయున్నంత మట్టుకే, చౌకగా సమకూర్చుకొనవచ్చును. రెంటిని ఒకే మూటగా కట్టి అమ్మువారు మూట ధర చెప్పుదురుగాని, లోపలి వస్తువుల ధరలను విడివిడిగా చెప్పరు.

ఒక ఉదాహరణమును ఊహింతము. ఒక యింట ఆరు లక్షల రూపాయలు కలవనుకొనుడు. రెండేండ్ల ఇంటర్మీడియట్‌కును వసతిగృహమునకును నాలుగు లక్షలు పోయినచో మిగులునవి రెండు. తరువాత పిల్లకు ప్రభుత్వ కళాశాలలో సీటు రాక, ప్రైవేటు కళాశాలలో వచ్చినదనుకొనుడు. ఐదేండ్ల చదువు ఎదుట నిలిచియుండును. అప్పుడు తండ్రి చేతులు ఖాళీ. సీటు వచ్చియు చేరలేని దుఃఖము, సీటు రాని దుఃఖముకన్న పెద్దది. అదే యింట ఇంటర్మీడియట్ సర్కారు కళాశాలలో సాగి, అభ్యాసమునకు లక్ష వ్యయమైనచో ఐదు లక్షలు మిగులును. మార్గమున అవాంతరము కలిగినను పిల్ల నిలద్రొక్కుకొనగలదు. రైతు విత్తనము కొనుటకే ఎద్దులనమ్ముకొనడు. దున్నవలసిన పని ముందున్నదని అతడెరుగును. చదువు విషయమునను ఆ బుద్ధియే కావలెను.

ప్రభుత్వ దంతవైద్య కళాశాలల సీట్లు బహు కొద్ది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణకు మిగిలినది అఫ్జల్‌గంజ్ కళాశాల యొక్కటే. అందలి సీట్లలో 15 శాతము అఖిలభారత కోటాకు పోవును. తక్కిన సీట్లను వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము భర్తీ చేయును. కావున అధికులు ప్రైవేటు కళాశాలలకే పోవలసివచ్చును. అందును కన్వీనరు కోటా సీటునకు రుసుము తక్కువ, యాజమాన్యపు కోటా సీటునకు రుసుము పెక్కు రెట్లెక్కువ. మిగిల్చిన ప్రతి రూపాయికిని ముందు పని కలదు.

సర్కారు కళాశాలల గుణములనే చెప్పి దోషములను దాచుట నా యభిమతము కాదు. కొన్నిచోట్ల అధ్యాపకుల స్థానములు ఖాళీగా నుండును. కొన్నిచోట్ల ప్రయోగశాల తలుపునకు తాళమే ఎక్కువ కాలముండును. వసతిగృహము సాధారణముగా ఉండదు. ఉదయము నుండి రాత్రివరకు పిల్లను కూర్చుండబెట్టి చదివించు కట్టుబాటు ఉండదు. నీట్ ప్రశ్నల కనువైన వేగమును తరగతి బోధన యొక్కటే నేర్పజాలదు. ఇవి నిజములు. కావున ‘సర్కారు’ అను పేరును నమ్మి చేర్పించుటయు, ‘కార్పొరేటు’ అను పేరును నమ్మి చేర్పించుటయు రెండును ఒకే తప్పు. పేరును విడిచి పనిని చూడవలెను.

చూచునది యెట్లు? చేర్పించుటకు ముందు ఒక దినము పనిమాని కళాశాలకు పొండు. భౌతిక, రసాయన, వృక్ష, జంతుశాస్త్రములు నాల్గింటికిని అధ్యాపకులున్నారా యని ప్రిన్సిపాలుగారిని వినయముతో అడుగుడు. ప్రయోగశాలను చూపుమనుడు, సూక్ష్మదర్శినిపై దుమ్మున్నదో లేదో మీ కన్నులే చెప్పును. రెండవ సంవత్సరపు పిల్లలను ఇద్దరిని పిలిచి, నిన్న ఏ పాఠము జరిగినదని అడుగుడు. ఇంటినుండి పోయి వచ్చుటకు పట్టు కాలమును లెక్కింపుడు. దినమునకు మూడు గంటలు బస్సులో గడచిన పిల్ల చదువజాలదు. మీ చేరువ కళాశాల ఈ పరీక్షలో తప్పినచో మరొక సర్కారు కళాశాలను చూడుడు. ప్రైవేటు కళాశాలనే ఎన్నుకొన్నచో, ఆ యేటికి ఇంటర్మీడియట్ బోర్డు గుర్తింపు కలదా యని మొదట విచారింపుడు. గుర్తింపు లేని కళాశాలలో చేరిన పిల్ల పరీక్షకు ముందు వేరొకరి పేర కట్టవలసివచ్చి, నడివీధిని పడును.

వసతితోపాటు చదువు కావలసిన పేద పిల్లలకు ప్రభుత్వ గురుకుల కళాశాలలు కలవు. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులు, వీరందరికిని వేర్వేరు గురుకుల సంస్థలున్నవి. గౌలిదొడ్డిలోని సాంఘికసంక్షేమ గురుకులము వంటి చోట్ల బైపీసీతోపాటు నీట్ శిక్షణయు ఉచితముగా లభించును. వీనిలో ప్రవేశము పరీక్షనుబట్టి; పదవ తరగతి చదువుచుండగనే ప్రకటనలను గమనింపవలెను. ఆదాయపు పరిమితికి లోబడిన కుటుంబములకు ఉపకారవేతనములు కలవు. ఐనను ఆ ధనము ఆలస్యముగ వచ్చుట కలదు గనుక దానినే నమ్మి అప్పు చేయరాదు.

అభ్యాసమునకు చౌకదారులు లేకపోలేదు. జాతీయ పాఠ్యగ్రంథములు నీట్ పరీక్షకు మూలము. వాని వెల స్వల్పము. తెలంగాణ ప్రభుత్వపు టి-శాట్ ప్రసారములందు పాఠములు ఉచితము. కేంద్ర విద్యాశాఖవారు కాన్పూరు ఐ.ఐ.టి. తోడ్పాటుతో నడపు ‘సాథీ’ అను బోధన సెల్‌ఫోనులోనే ఉచితముగ లభించును. గడచిన యేండ్ల ప్రశ్నపత్రములు దొరకును. ఇవన్నియు ఉండియు కొరత తోచినచో, ఇంటర్మీడియట్ ముగిసిన పిమ్మట దిల్‌సుఖ్‌నగర్ బోధనాలయమున కొన్ని మాసముల శిక్షణ చాలవచ్చును. అప్పుడును ఒక నియమము తెలిసియుండవలెను: 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములనుబట్టి, పదునారేండ్లు నిండని పిల్లలను బోధనాలయములు చేర్చుకొనరాదు, ర్యాంకు వచ్చునని హామీ ఈయరాదు, పిల్ల నడుమ మానినచో మిగిలిన కాలపు రుసుమును తిరిగి ఈయవలెను. రసీదు లేక ఒక్క రూపాయియు చెల్లింపకుడు.

మరియొక హెచ్చరిక. కొందరు మంచి కళాశాల యని పొరుగు రాష్ట్రమునకు పిల్లలను పంపుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము 2024లో చేసిన నిబంధనలనుబట్టి, ఇక్కడి వైద్య, దంతవైద్య సీట్లకు స్థానికులుగా లెక్కింపబడుటకు ఇంటర్మీడియట్‌తో ముగియు నాలుగేండ్లు వరుసగా ఈ రాష్ట్రముననే చదివియుండవలెను. 2025 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము కొన్ని మినహాయింపులతో ఈ నిబంధనను నిలిపినది. అల్మాస్‌గూడలో పుట్టి పెరిగిన పిల్లయు, ఈ సంగతి తెలియక రెండేండ్లు విజయవాడలో చదివినచో, స్వస్థలమున పరాయిది కావచ్చును. అధిక రుసుము చెల్లించి హక్కును పోగొట్టుకొనుట యెంతటి వింత!

గణితశాస్త్రముతో ఇంటర్మీడియట్ ముగించి, పిమ్మట దంతవైద్యముపై మనస్సు మళ్లిన పిల్లలును కలరు. వారికి దారి మూసుకొనిపోలేదు. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ చేసిన ప్రకటననుబట్టి, ఇంటర్మీడియట్ తరువాత జీవశాస్త్రమును అదనపు విషయముగా చదివి గుర్తింపు పొందిన బోర్డు పరీక్షలో ఉత్తీర్ణులైనవారు నీట్ వ్రాయవచ్చును. సార్వత్రిక విద్యాలయముల ద్వారా ఈ చదువు స్వల్ప వ్యయముతో సాగును. ఐతే పరీక్ష వ్రాయు అర్హత వేరు, సీటు పొందు అర్హత వేరు. ఆ యేటి విశ్వవిద్యాలయ ప్రకటనను చదివి, సందేహమున్నచో వ్రాతమూలకముగా అడిగి, పిమ్మటనే రుసుము కట్టవలెను.

సంపన్న దేశములలోనివారు ఈ విషయమున నేమి చేయుచున్నారో వినుడు. మన తెలుగువారు వేలకొలది కుటుంబములు అమెరికాలో స్థిరపడియున్నారు. అచ్చట దంతవైద్య కళాశాలలో ప్రవేశమునకు ముందు జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, కర్బన రసాయనము, భౌతికశాస్త్రము ప్రయోగములతో సహా కళాశాలలో చదువవలెను. విశ్వవిద్యాలయపు రుసుము మిక్కిలి యెక్కువ గనుక, ఆ శాస్త్రములలో కొన్నింటిని ‘కమ్యూనిటీ కాలేజీ’ అను చౌక స్థానిక కళాశాలలలో చదువువారు పెక్కుమంది. ఇల్లినాయి రాష్ట్రపు జోలియెట్ నగరమున 1901లోనే ఇట్టి కళాశాల వెలసినది. అందును మెలకువ కలదు: అన్ని దంతవైద్య కళాశాలలును ఆ చదువును ఒకే తీరున అంగీకరింపవు, కొన్ని పరిమితి విధించును. అందుచేత తెలివిగల విద్యార్థి ముందుగా తాను చేరగోరు కళాశాలను అడిగి తెలిసికొనును. డాలర్లు గడించువారే చౌక కళాశాలను చిన్నతనముగా నెంచకుండగా, మనకేల సిగ్గు?

సిగ్గు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. అసలు అడ్డు రుసుము కాదు. నలుగురేమందురో యను భయము. ‘ఫలానావారి పిల్ల పెద్ద కళాశాలలో చదువుచున్నది, మీ పిల్ల సర్కారు కాలేజీలోనా?’ అని పెండ్లిలోనో పేరంటములోనో ఒకరందురు. ఆ మాటకు జడిసి స్థలము అమ్మిన తండ్రులు కలరు. ఆ బరువును పిల్ల మోయుచుండును. తనకై ఇల్లు గుల్లయైనదని తెలిసిన పిల్ల ఒక పరీక్షలో తప్పినను ప్రాణము మీదికి తెచ్చుకొనును. ఇట్టి వార్తలను పత్రికలలో ఎన్నిసార్లు చదివితిమి! ఇంటి ఆస్తి నిలిచియున్నచో, ‘పోనీలే తల్లీ, మరుసటి యేడు వ్రాయుదువుగాని’ యని అనుటకు తాతకు నోరు వచ్చును. ఆ యొక్క మాటయొక్క విలువ ఏ రసీదులోను వ్రాయబడదు.

తుదకు ఇంకొక మాట. వైద్యసీటు రాకపోయిన పిమ్మట మాత్రమే దంతవైద్యమును తలచువారు పెక్కుమంది. అట్లు వచ్చినను తప్పు లేదు. కాని పిల్లకు ఆ పనియందు ఇష్టము కలదో లేదో ముందే తెలిసికొనుట మంచిది. ఎల్.బి. నగర్‌లో మెట్రో బండి యెక్కి ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో దిగినచో అఫ్జల్‌గంజ్ ఎంతో దూరము కాదు. మీ పంటికి ఎప్పుడో చూపించుకొనవలసిన బాధ ఉండనే ఉండును. మనుమరాలిని వెంటబెట్టుకొని ఆ ఆసుపత్రికి పొండు. చీటీ వ్రాయించి, వరుసలో కూర్చుండుడు. అచ్చట యువవైద్యులు వంగి, దీపపు వెలుగున, ముదుసలుల నోళ్లలో ఓపికతో పనిచేయుట ఆమె చూడనిండు. మొదటి సంవత్సరపు విద్యార్థులు మైనపు ముద్దను చెక్కి పంటి ఆకారమును తీయుట నేర్తురు. ఈ విద్యకు బుద్ధితోపాటు వ్రేళ్ల నేర్పును కావలెనని ఆమెకు చెప్పుడు. ఇంటికి వచ్చిన పిమ్మట, ‘ఇది నా పని’ అని ఆమెయే యన్నచో, పిల్ల నిశ్చయము దృఢమైనదని నమ్ముడు. సర్కారు కళాశాలలో చేర్చి, మంచి దీపమును, పుస్తకములను, నిశ్శబ్దముగల ఒక మూలను ఇంటిలో ఏర్పరచుడు. స్థలము పత్రములను పెట్టెలోనే యుంచుడు. వానికి తరువాతి ఐదేండ్లలో పని పడవచ్చును, పడకపోవచ్చును.